వహాకా ఇసుక ముగ్గులో ఒక మూల

మెక్సికో అనగానే అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో ఉన్న మా కమ్మింగ్ తెలుగువాళ్ళకి గుర్తొచ్చేది కాన్‌కూన్. బీచ్, రిసార్టు, చేతికి ప్లాస్టిక్ పట్టీ, మూడు పూటలా బఫే. వెళ్ళొచ్చినవాళ్ళందరి ఫొటోల్లోనూ అదే నీలం నీళ్ళు, అదే టోపీ. మేం అటు వెళ్ళలేదు కాబట్టి మా ఫొటోలు చూసి ఎవరూ కుళ్ళుకోలేదు. "ఇదేంటి, గోడల ముందు నిలబడి దిగారు?" అని మాత్రం అడిగారు. ఆ గోడల సంగతి చెబుదామనే ఇది రాస్తున్నాను.

వెళ్ళింది ఇద్దరం, నేనూ మా చెల్లెలు మాధవీ. క్రిస్మస్ వారం ఆఫీసులు మూత. పిల్లల్ని మా ఆయనకి అప్పజెప్పి, ఫ్రిజ్ నిండా పప్పు, పులుసు డబ్బాలు సర్ది బయల్దేరాను. మాధవి మా ఇంటికి దగ్గర్లోనే ఒక్కతే ఉంటుంది. దాని భర్త, మా మరిది శ్రీధర్ గుండెపోటుతో పోయి అప్పటికి రెండేళ్ళు కావస్తోంది. వాళ్ళకి పిల్లలు లేరు. అతని అస్థికలు అతని అన్నగారు వచ్చి తీసుకెళ్ళి రాజమండ్రిలో గోదావరిలో కలిపారు. మాధవికి అప్పుడు వీసా స్టేటస్ తేలక వెళ్ళడానికి కుదరలేదు. ఇక్కడే ఫోన్‌లో చూసింది.

ముగ్గులంటే మా చుట్టుపక్కల మాధవి పేరే చెప్పేవారు. ఎవరింట్లో గృహప్రవేశమైనా ముందురోజే వెళ్ళి డ్రైవ్‌వే మీద కూర్చునేది. పక్కన శ్రీధర్ అల్లం టీ గ్లాసు పట్టుకుని నిలబడి, "ఆ మూల ఇంకొంచెం పసుపు పడాలి మేడమ్" అంటూ పెద్ద తెలిసినవాడిలా సలహాలిచ్చేవాడు. అతనికి తెలిసిందల్లా టీ ఒక్కటే.

అతను పోయిన మరుసటి ఏడాది మా స్నేహితురాలు పద్మ కొత్తిల్లు కొనుక్కుంది. పద్మది వరంగల్. బంగారంలాంటి మనిషి, శ్రీధర్ పోయినప్పుడు నెల్లాళ్ళు మాధవికి క్యారియర్ పంపింది. ఆ పద్మే ఫోన్ చేసి, "మాధవీ, నువ్వు తప్పకుండ రావాలె. ముగ్గు సంగతి వేరేటోళ్ళు చూస్కుంటున్నరు గని, నువ్వు రెస్ట్ తీస్కో" అంది. అందులో దురుద్దేశం ఏమీ లేదు. అందుకే నాకు తిట్టడానికి కూడా వీల్లేకపోయింది. మాధవి సరేనంది, వెళ్ళింది, వెనక వరుసలో కూర్చుని భోంచేసి వచ్చింది. రంగుల డబ్బా గరాజ్‌లో పై అరలోకి చేరింది. కట్టే బట్టలన్నీ బూడిద రంగులోకి దిగిపోయాయి. "సరదాకైనా ఒక ముగ్గు వెయ్యవే" అని నేనెప్పుడైనా అంటే, "ఎవరి గుమ్మంలో వెయ్యనక్కా?" అని ఊరుకునేది.

రంగులున్న చోటికి లాక్కెళితే దీని చేతులు దురద పెట్టకపోతాయా అని నా పన్నాగం. యాత్ర మొత్తానికీ నా కోరిక అదొక్కటే.

మెక్సికో సిటీ: మెడనొప్పి తెప్పించే గోడలు

ఎయిర్‌పోర్ట్‌లోనే మొదటి అవాంతరం. కస్టమ్స్ ఆఫీసరు నా సూట్‌కేసు తెరిచి కందిపొడి డబ్బా బయటికి తీశాడు. మూత తీశాడు, వాసన చూశాడు, "చీలే?" అని అడిగాడు. మిరపకాయ అని అర్థమై గట్టిగా తలూపాను. వేలితో కాస్త నాలుక మీద వేసుకుని, రెండుసార్లు తుమ్మి, ఎంతో గౌరవంగా మూత బిగించి ఇచ్చేశాడు. అమెరికాలో మన పొడులకి ఇంత మర్యాద నేనెన్నడూ చూడలేదు.

ఆ ఊళ్ళో సర్కారు ఆఫీసుల గోడలు చూడాలంటే తల పైకెత్తాలి. మెట్ల దగ్గర మొదలై పై అంతస్తు దాకా బొమ్మలే. గుర్రాలు, రైతులు, మొక్కజొన్న కంకులు, తుపాకులు. మన దగ్గర సర్కారు ఆఫీసు గోడంటే కిళ్ళీ మరకలూ, ఉమ్మరాదు అన్న బోర్డూ. వీళ్ళు దేశం కథంతా అక్కడే రాసుకున్నారు. నేను గంటసేపు తలెత్తి చూసి మెడ పట్టేసుకుని బెంచీ మీద కూలబడ్డాను. మాధవి బొమ్మల కింద అంచుల్లో ఉన్న పూల తీగల్ని చూస్తూ ఒక్కో స్తంభం దగ్గరా ఆగింది. నాకు ఆశ పుట్టింది. "ఎలా ఉన్నాయే?" అని అడిగాను. "బావున్నాయి. ఆకలేస్తోంది, పద" అంది. అంతే.

బయట బండి మీద మామిడి ముక్కల కప్పు నలభై పెసోలు, అంటే రెండు డాలర్ల పైచిలుకు. పైన నిమ్మకాయ పిండి, ఉప్పుకారం జల్లి ఇచ్చింది బండి ఆవిడ. బడి గేటు ముందు జామకాయల ముసలమ్మ ఇచ్చేది అచ్చంగా ఇదే. "కారం ఇంకొంచెం" అని సైగ చేస్తే, బండి ఆవిడ నన్ను ఎగాదిగా చూసి డబ్బా మొత్తం నా చేతికిచ్చింది. నేను వేసుకున్నది చూసి పక్క బండివాడిని కూడా పిలిచి చూపించింది.

పుయెబ్లా: పలకల ఇళ్ళు, చాక్లెట్ పులుసు

బస్సులో పుయెబ్లా వెళ్ళాం. ఈ ఊళ్ళో ఇళ్ళకి నీలం, పసుపు పువ్వుల పింగాణీ పలకలు బయటి గోడలకే అతికిస్తారు. మనం వంటింటి గోడకి నూనె మరకలు అంటకుండా వేయించుకునేవి వీళ్ళు వీధికి చూపించుకుంటారు. ఒక వీధిలో పది ఇళ్ళుంటే పదింటికీ వేర్వేరు రంగులు. కమ్మింగ్‌లో మా కాలనీ సంఘం హెచ్‌ఓఏ వాళ్ళు మెయిల్‌బాక్స్‌కి రంగు మార్చినా నోటీసు పంపుతారు. గులాబీరంగు ఇంటి పక్కన చిలకాకుపచ్చ ఇల్లు చూస్తే వాళ్ళకి జ్వరం రావడం ఖాయం.

తిండి దగ్గర మాత్రం నానా అగచాట్లు పడ్డాం. "మాంసం వద్దు" అని ఫోన్‌లో చూసి ముచ్చటగా చెబితే కోడికూర తెచ్చారు. కోడి అసలు మాంసం కిందికే రాదట. చిక్కుడుగింజలు తెప్పించుకుంటే అవి పంది కొవ్వులో వేయించారని సగం తిన్నాక తెలిసింది. నేను లబోదిబోమంటుంటే మాధవి నవ్వాపుకోలేక నీళ్ళు తాగింది. చివరికి హోటల్ ఆవిడ జాలిపడి, అట్టు మీద జున్నుముక్కలేసి మోలే అనే పులుసు పోసి పెట్టింది. ఎండుమిరపకాయలు, నువ్వులు, లవంగాలు, పైన చాక్లెట్. విన్నప్పుడు మొహం చిట్లించాను, తిన్నాక గుత్తివంకాయ గుర్తొచ్చింది. రెండో ప్లేటు తెప్పించుకున్నాం.

మాధవి నవ్వు అలా వినపడి చాలా కాలమైంది. రంగులూ బొమ్మలూ చెయ్యలేనిది పంది కొవ్వు చేసినందుకు కొంచెం ఉడుకుమోత్తనం వచ్చిన మాట నిజం.

వహాకా: ముల్లంగి తిరునాళ్ళు

వహాకా ఊళ్ళో క్రిస్మస్‌కి రెండురోజుల ముందు ఒక వింత పండగ ఉంది. పెద్ద పెద్ద ఎర్ర ముల్లంగి దుంపల్ని చెక్కి బొమ్మలు చేస్తారు. చర్చీలు, దేవదూతలు, బ్యాండుమేళం, బజారులో రొట్టెలమ్మే ఆడవాళ్ళు, అన్నీ ముల్లంగే. చూడటానికి జనం చౌకు చుట్టూ బారులు తీరతారు. సాంబారులో వేసి తినేదాన్ని చూడటానికి తిరుపతి క్యూలో నిలబడ్డట్టు నిలబడ్డానని మా ఆయనకి మెసేజ్ పెడితే, "ఇంట్లో సాంబారు అయిపోయింది" అని జవాబొచ్చింది.

క్యూలో మా ముందున్న ఆవిడ వెనక్కి తిరిగి ఇంగ్లీషులో, "ఎక్కడి నుంచి వచ్చారు?" అని అడిగింది. జార్జియా అన్నాను. "జార్జియాలో ఎక్కడ?" అంది. కమ్మింగ్ అంటే అరిచినంత పని చేసింది. పేరు ఎల్విరా. మా పక్క ఊరు గెయిన్స్‌విల్‌లో కోళ్ళ ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి పనిచేసి తిరిగొచ్చిందట. ఇంగ్లీషులో మా జార్జియా సాగదీతే వినపడింది. మేం వెళ్ళే గ్రోసరీ షాపు కూడా ఆమెకి తెలుసు.

"రంగుల ఇళ్ళు చూడాలంటే ఈ సిటీలో ఏముంది? కొండ మీద మా ఊరికి రండి. మా వీధంతా మా మావయ్య వేసిన రంగులే" అంది. అడ్రస్ ఫోన్‌లో పెట్టింది. ఇంకేదో చెప్పబోయింది గానీ, ఇంతలో క్యూ కదిలి జనం తోసుకొచ్చారు.

కొండ ఊరు: నా పరువు పోయిన గుమ్మం

పండగ వెళ్ళాక ఒక ఉదయం షేర్ టాక్సీలో బయల్దేరి ఆ ఊరు చేరాం. మధ్యాహ్నం ఎండ కాస్తున్నా గాలి చల్లగా ఉంది. ఎల్విరా అబద్ధం చెప్పలేదు. ఏటవాలు వీధికి రెండువైపులా పసుపు, నారింజ, వంగపండు రంగు, నీలం గోడలు, ఒక్కో కిటికీ చుట్టూ తెల్లటి అంచు.

ఆమె చెప్పిన ఇంటి తలుపులు బార్లా తీసి ఉన్నాయి. గుమ్మానికి అటూ ఇటూ కుండీల నిండా బంతిపూలు. బయట వరుసగా కుర్చీలు వేశారు. ఆడవాళ్ళు పెద్ద గిన్నెలు మోసుకుంటూ లోపలికి వెళ్తున్నారు. లోపల నేల మీద పరిచిన ఇసుకలో నలుగురు కూర్చుని రంగులు జల్లుతున్నారు. అచ్చంగా ముగ్గే! తలుపు మీద పెద్ద నల్ల రిబ్బను ముడి కూడా కట్టి ఉంది.

"గృహప్రవేశమే! చూడు, దిష్టికి నల్లది కూడా కట్టుకున్నారు. వీళ్ళకీ మనకీ ఎంత దగ్గరే!" అన్నాను ఉబ్బిపోతూ.

మాధవి ఆగిపోయింది. "శుభకార్యంలోకి నేనెందుకక్కా? నువ్వెళ్ళి చూసిరా. నేనిక్కడ కూర్చుంటాను" అంది. వీధికి అవతల అరుగు మీద చున్నీ సర్దుకుని కూర్చుంది. ఇంత దూరం వచ్చాక కూడా దానికి పద్మ వాళ్ళ వెనక వరుసే గతా అని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సరే, నేనైనా వెళ్తానని బజారులో కొన్న కొబ్బరి మిఠాయి పెట్టె పట్టుకుని లోపలికి నడిచాను. ఎదురొచ్చిన పెద్దావిడ చేతిలో పెట్టె పెట్టి, నేర్చుకున్న స్పానిష్‌లో, "ఫెలిసిదాదెస్!" అన్నాను. శుభాకాంక్షలు అని.

ఇసుక దగ్గర కూర్చున్నవాళ్ళు తలెత్తారు. ఆ పెద్దావిడ మిఠాయి పెట్టెనీ నన్నూ మార్చి మార్చి చూసింది. వెనక గోడ దగ్గర కొవ్వొత్తుల మధ్య ఒక మీసాల పెద్దాయన ఫొటో ఉందని నేను అప్పుడు చూశాను. భూమి చీలితే బావుండుననిపించింది.

ఎల్విరా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆ ఫొటో వాళ్ళ మావయ్యది, డోన్ ఫిదెల్. డోన్, ఆడవాళ్ళకైతే డోన్యా, అంటే మన గారు లాంటిది. ఊళ్ళో గోడలకి రంగులేసేవాడు. ఆయన పోయి తొమ్మిదో రోజు. పెద్దావిడ ఆయన భార్య, డోన్యా తొమాసా. అక్కడ మనిషి పోతే శవపేటిక ఉంచిన చోట తొమ్మిదో రోజున ఇసుకతో, రంగులతో ఇలా బొమ్మ వేస్తారట. చీకటి పడ్డాక ప్రార్థన చేసి దాన్ని ఎత్తి మర్నాడు శ్మశానానికి తీసుకెళ్తారట. బంతిపూలు కూడా పోయినవాళ్ళ కోసమే. క్యూలో ఆమె చెప్పబోయింది ఇదే.

నేను రెండు చేతులూ జోడించేశాను. డోన్యా తొమాసా ఏదో అంది. ఎల్విరా నవ్వుతూ ఇంగ్లీషులోకి మార్చింది. "తప్పేం లేదు, ఫిదెల్‌కి కొబ్బరి మిఠాయి ఇష్టం అంటోంది." ఆవిడ నిజంగానే వెళ్ళి ఆ పెట్టె ఫొటో ముందు పెట్టింది.

చావింట్లో ముగ్గు

నేను బయటికొచ్చి మాధవితో, "శుభకార్యం కాదే, చావిల్లు. ఈ ముగ్గు పోయినాయన కోసమట" అన్నాను.

అది లేచి నిలబడింది. "చావింట్లో ముగ్గేంటక్కా?" అంది. నేను వద్దనేలోపు వీధి దాటి లోపలికి వెళ్ళిపోయింది.

మనవైపు ఇంట్లో మనిషి పోతే ముందు ఆగిపోయేది వాకిట్లో ముగ్గే. ఏడాదిపాటు పండగల్లేవు, రంగుల్లేవు. ఇక్కడ పోయినాయన డబ్బాల్లో మిగిలిన గోడరంగుల్నే ఇసుకలో కలిపి ఆయన కోసం పూలు గీస్తున్నారు. మధ్యలో నల్ల ముసుగేసుకున్న మేరీమాత, చుట్టూ పూల అంచు. మాధవి గోడవారగా నిలబడి చూస్తోంది. దాని బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే రాసుకుంటున్నాయి.

ఎవరో మాకు మట్టికప్పుల్లో వేడి చాక్లెట్, తీపిరొట్టె ఇచ్చారు. చావింట్లో మనం మంచినీళ్ళు కూడా ముట్టం కదా, నేను కప్పు పట్టుకుని దిక్కులు చూస్తున్నాను. మాధవి అప్పటికే సగం తాగేసింది.

డోన్యా తొమాసా దాని పక్కకొచ్చి ఏదో అడిగింది. "నీకు ఇలా గీయడం వచ్చా, చేతులు చూస్తే తెలుస్తోంది అంటోంది మా అత్త" అని ఎల్విరా చెప్పింది.

"వచ్చు" అంది మాధవి. తర్వాత, "మా ఆయన కూడా పోయారు" అంది. ఇంగ్లీషులోనే అంది. రెండేళ్ళలో అది కొత్తవాళ్ళకి ఆ మాట చెప్పడం నేను వినలేదు. ఎవరడిగినా "ఊళ్ళో లేరు" అనేది.

"ఆయనకి ఎవరు వేశారు?" అని పెద్దావిడ ప్రశ్న.

"ఎవరూ వెయ్యలేదు. మా వైపు వెయ్యరు."

ఎల్విరా ఆ మాట స్పానిష్‌లో చెప్పగానే డోన్యా తొమాసా ఒక్క క్షణం మాధవి మొహంలోకి చూసింది. గీస్తున్నవాళ్ళతో ఏదో చెప్పింది. వాళ్ళు కిందివైపు కుడి మూల ఖాళీగా వదిలి పక్కకి జరిగారు. ఆవిడ పసుపు రంగు పళ్ళెం తీసుకొచ్చి మాధవి చేతికిచ్చింది.

"ఆ మూల మీ ఆయనది. ఫిదెల్‌కి తోడు ఉంటే ఇష్టం అంటోంది" అంది ఎల్విరా.

మాధవి చెప్పులు విడిచి కూర్చుంది. అందరూ జల్లెడతో, కాగితపు పొట్లాలతో జల్లుతుంటే ఇది రెండు వేళ్ళతో చుక్కలు పెట్టుకుంటూ పోయింది. మొదటి గీత వంకర పోయింది. చెరిపి మళ్ళీ వేసింది. చుక్కల చుట్టూ మెలిక తిరుగుతూ వెళ్ళిన గీత మొదలైన చోటికే వచ్చి కలిసేసరికి గీస్తున్నవాళ్ళంతా పని ఆపి చూస్తున్నారు. డోన్యా తొమాసా అర్థమైనట్టు తలాడించింది. మాధవి ఒక మూల ఇంకొంచెం పసుపు వేసింది. ఎందుకో నాకు తెలుసు. నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చుకున్నాను.

ఎత్తిన ఇసుక

ఆ ఊళ్ళోనే చిన్న గది తీసుకుని ఉండిపోయాం. చావింటి నుంచి వచ్చాం కదా అని నేను తలస్నానానికి దిగితే, సగంలో వేడినీళ్ళు ఆగిపోయాయి. ఆ కొండ చలిలో చన్నీళ్ళతో నేను పెట్టిన కేకలకి పక్కగది వాళ్ళు తలుపు కొట్టారు. మాధవి స్నానం చెయ్యనే లేదు. "మళ్ళీ వెళ్ళాలి కదక్కా" అంది.

చీకటి పడ్డాక ప్రార్థన మొదలైంది. తర్వాత ముందే ఎంచిన బంధువులు ఒక్కొక్కరుగా మోకరిల్లి, పూలకట్టలతో తమ వంతు ఇసుకని దగ్గరికి తీసి చెక్కపెట్టెలోకి ఎత్తారు. అంత కష్టపడి వేసిన మేరీమాత మొహం నా కళ్ళముందే చెదిరిపోయింది. నాకు ఉసూరుమనిపించింది. వాళ్ళెవరికీ అలా లేదు, పాట పాడుతూనే ఎత్తారు.

కింది మూల దగ్గరికి వచ్చేసరికి డోన్యా తొమాసా చేత్తో ఆపింది. మాధవిని పిలిచింది. మాధవి వెళ్ళింది కానీ చెయ్యి కదలలేదు. పెద్దావిడ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని దాని మణికట్టు పట్టుకుంది. అప్పుడు మాధవి రెండు చేతులతో ఆ పసుపు ముగ్గుని దగ్గరికి తీసి, దోసిలి పట్టి పెట్టెలో పోసింది. గోదావరి దగ్గర అది చెయ్యలేకపోయిన పని అదే. పెద్దగా ఏడ్చింది. ఎవరూ ఊరుకోబెట్టలేదు, పాట కూడా ఆపలేదు.

మర్నాడు పొద్దున్నే బ్యాండుమేళంతో శ్మశానానికి వెళ్ళాం. పెట్టెలో ఇసుక డోన్ ఫిదెల్ సమాధి మీద కుమ్మరించారు. అన్ని రంగులూ కలిసిపోయాయి, ఎవరిది ఏదో తెలియదు. తిరిగొస్తూ ఎల్విరా, "మీ ఆయనకి ఏమిష్టం?" అని అడిగింది. "టీ. అల్లం వేసి, చక్కెర రెండు స్పూన్లు" అంది మాధవి.

సెలవు తీసుకునేటప్పుడు నేను నోరు మూసుకుని తలూపాను. చావింట్లో మనం వెళ్ళొస్తామని అనం కదా. డోన్యా తొమాసా మాత్రం మమ్మల్ని ఇద్దర్నీ కావలించుకుని, "మళ్ళీ రండి" అంది.

కమ్మింగ్: మళ్ళీ డ్రైవ్‌వే

వేసవిలో పద్మ వాళ్ళమ్మాయి హాఫ్ శారీ ఫంక్షన్. మాధవిని ముగ్గు వెయ్యమని ఎవరూ పిలవలేదు. తనంతట తనే పొద్దున్నే రంగుల డబ్బాతో వెళ్ళి డ్రైవ్‌వే మీద కూర్చుంది. నేను గొడవకి సిద్ధమై పక్కన నిలబడ్డాను. పద్మ బయటికొచ్చి చూసింది. తర్వాత పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని పక్కన కూర్చుని, "ఏ రంగు అందియ్యాలె, చెప్పు" అంది. నా గొడవంతా వృథా అయింది.

మొన్న నవంబరులో ఎల్విరా నుంచి మెసేజ్ వచ్చింది. పోయినవాళ్ళు ఇంటికొస్తారని వాళ్ళు సమాధుల దగ్గర ఇష్టమైనవన్నీ పెట్టే రోజులవి. ఫొటోలో డోన్ ఫిదెల్ సమాధి నిండా బంతిపూలు. మధ్యలో కొబ్బరి మిఠాయి, చిన్న గ్లాసులో మెస్కల్ అనే వాళ్ళ సారా, పక్కన మట్టికప్పులో టీ. కింద రాసింది, "మావయ్యకి మెస్కల్, మీ ఆయనకి టీ. ఇద్దరికీ బాగా పొత్తు కుదిరినట్టుంది."

మాధవి మా వంటింట్లో నిలబడి ఆ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుని ఫోన్ నా చేతికిచ్చింది.

"చక్కెర రెండు స్పూన్లు వేసిందో లేదో అడుగక్కా" అంది.